పాలలా తేలే సీరం
మధుమేహం అదుపు తప్పినవారి రక్తాన్ని పరీక్షనాళికలో ఉంచితే, లేత పసుపు రంగులో ఉండాల్సిన సీరం ఒక్కోసారి పాలలా తెల్లగా తేలుతుంది. ఆ తెలుపు ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వుది. ఇన్సులిన్ పని చక్కెరను తగ్గించడమేనని చాలామంది అనుకుంటారు. రక్తంలోని కొవ్వును విడగొట్టే లైపోప్రోటీన్ లైపేజ్ ఎంజైము చురుగ్గా ఉండాలన్నా ఇన్సులిన్ కావాలి. అది కొరవడితే ఎంజైము మందగిస్తుంది. మరోవైపు ఒంట్లో నిల్వ ఉన్న కొవ్వు కరిగి కాలేయానికి చేరుతుంది. కాలేయం దాన్ని ట్రైగ్లిజరైడ్లుగా మార్చి తిరిగి రక్తంలోకే వదులుతుంది.

డెసిలీటరుకు 150 మిల్లీగ్రాముల లోపు ఉండాల్సిన ఈ కొవ్వు 1,000 దాటితే క్లోమం వాచే ముప్పు బాగా పెరుగుతుంది. పొట్ట పైభాగంలో మొదలై వీపుకు పాకే నొప్పి, వాంతులు దాని గుర్తులు. గ్యాస్ నొప్పి అనుకుని మాత్ర వేసుకుని పడుకుంటే ప్రాణం మీదికి రావచ్చు. ఆసుపత్రిలో ఇన్సులిన్ ఇస్తే చాలామందిలో ట్రైగ్లిజరైడ్లు కొద్దిరోజుల్లోనే దిగుతాయి.