నీళ్ళ విరేచనములు: ఇంటి చికిత్స, వైద్యుని అవసరము

కలుషితమైన నీటివలనను, ఈగలు వ్రాలిన ఆహారమువలనను నీళ్ళ విరేచనములు కలుగుట మనమెఱిగినదే. వీనిలో పెక్కు కొలది దినములలో తమంత తామే శమించును. విరేచనముకంటె, దానితో దేహమునుండి పోవు నీరును, లవణములును మనకు ముఖ్యము. నీరు త్రాగినచో విరేచనము హెచ్చునని రోగిని దాహముతో నుంచు అలవాటు కొన్ని యిండ్లలో కలదు. ఇది తప్పు, పసిబిడ్డల విషయమున ప్రాణాంతకము.

మన ప్రేవులు ఉప్పును, గ్లూకోజును జంటగా గ్రహించును. వాని వెంట నీరును లోనికి పోవును. విరేచనములు పట్టినను ఈ శక్తి నశింపదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులలో కలరా వ్యాపించి, సెలైను చాలనప్పుడు, డాక్టరు దిలీప్ మహలనబిస్ ఈ మిశ్రమమునే త్రాగించి వేలమందిని బ్రతికించెను.

ఓ.ఆర్.ఎస్. పొట్లము శ్రేష్ఠము. దానిపై వ్రాసినంత పరిశుభ్రమైన నీటిలో పొడినంతయు ఒకేసారి కలుపవలెను. మన ప్రాంతపు పొట్లముపై తెలుగు ఉండకపోవచ్చును; కావున చదువనేర్చిన మీరే పెద్దలకు వివరింపుడు. పొట్లము దొరకనిచో, 1 లీటరు కాచి చల్లార్చిన నీటిలో, సమముగా నింపిన టీ చెంచాలతో 6 చెంచాల చక్కెరయు, అర చెంచా ఉప్పును కలుపవలెను. కొలత మీఱరాదు. ఉప్పు హెచ్చిన అపాయము. చక్కెర హెచ్చిన విరేచనము హెచ్చును. 24 గంటలు దాటిన నీటిని పారబోయవలెను.

మాటిమాటికి కొంచెము కొంచెముగా త్రాగింపవలెను. గంజి, మెత్తని అన్నము మాన్పరాదు. చంటిబిడ్డకు తల్లిపాలు ఆపరాదు. వైద్యుడు చెప్పక మాత్రలు వాడరాదు.

ఈ క్రింది లక్షణములలో ఏ ఒక్కటి కనిపించినను వెంటనే వైద్యుని చూడవలెను:

1. మలములో రక్తము, లేక నల్లని మలము.
2. తీవ్రమైన జ్వరము, లేక కడుపునొప్పి.
3. త్రాగినదెల్ల వాంతియగుట.
4. కన్నులు గుంటలు పడుట, నాలుక ఎండుట, మూత్రము మిక్కిలి తగ్గుట, మగత.
5. రెండు దినములకును తగ్గకుండుట.

రోగి పసిబిడ్డయో, వృద్ధుడో, గర్భిణియో అయినచో ఈ లక్షణములకై వేచియుండరాదు.

వైద్యుని భాష వేరుకావచ్చును. విరేచనములు ఎప్పుడు ఆరంభమైనవి, ఎన్ని అయినవి, రక్తము కలదా, కడపటిసారి మూత్రము ఎప్పుడైనది అను నాలుగు మాటలు ఆ భాషలో చెప్పుట మనము నేర్చియుండవలెను. ఇంటిలో అవ్వకో, చెల్లెలికో ఆపద వచ్చిననాడు ఆ నాలుగు మాటలే కాలహరణమును తప్పించును.