యంత్రానికి ఏది అప్పగించాలి, ఏది అప్పగించకూడదు?

ప్రశ్న: నేను పల్లెటూరి సంఘ కాపరిని. వారమంతా విశ్వాసుల ఇళ్లకు తిరగడంతోనే సరిపోతుంది. శనివారం రాత్రి చాట్‌జీపీటీని అడిగితే ఆదివారం ప్రసంగం నిమిషంలో రాసిస్తోంది. అదే చదివేస్తున్నాను. ఇది పాపమా?
– ఒక పాస్టరు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: పాస్టరు గారూ, యంత్రాన్ని వాడడం పాపం కాదు. ప్రత్యక్ష గుడారం పనికి బెసలేలుకు నేర్పునిచ్చింది దేవుడేనని నిర్గమకాండం 31వ అధ్యాయం చెబుతుంది. తెలుగు బైబిలు ఇంటింటికీ చేరింది కూడా అచ్చుయంత్రం పుణ్యమే. వాక్యభాగం నేపథ్యం తెలుసుకోవడానికి, ఒక మాట బైబిల్లో ఎక్కడెక్కడ వస్తుందో వెతకడానికి నిరభ్యంతరంగా వాడండి. కానీ జాగ్రత్త! ఏ మాట తర్వాత ఏ మాట రావచ్చో లెక్కగట్టి పేర్చడమే దాని పని. అందుకే లేని వచనానికి కూడా అధ్యాయం, సంఖ్య వేసి ధీమాగా చూపించగలదు. ప్రతి రిఫరెన్సూ మీ బైబిలు తెరిచి సరిచూసుకున్నాకే పుల్పిట్ ఎక్కండి.

2023 జూన్‌లో జర్మనీలోని ఫ్యూర్త్ పట్టణంలో చాట్‌జీపీటీ రాసిన ఆరాధనను తెరమీది బొమ్మలు నడిపించాయి. 300 మందికి పైగా వచ్చారు. మాటలకేం లోటు లేదు. కానీ ఆ బెంచీల మీద కూర్చున్నవాళ్లలో ఎవరింట్లో చావు జరిగిందో, ఎవరి పెళ్లి చెడిందో ఆ బొమ్మలకు తెలియదు. మీ సంఘం సంగతి మీకు తెలుసు. ఇళ్లు తిరగడం వల్ల ప్రసంగానికి తీరిక లేదంటున్నారు గానీ, మీ ప్రసంగం ఆ ఇళ్లలోనే పుడుతుంది. రొయ్యల చెరువుకు తెగులొచ్చి అప్పులపాలైన కుటుంబం ఎదురుగా కూర్చుంటే యోబు గురించి ఏం చెప్పాలో మీరే మోకరించి అడగాలి. పది నిమిషాలు మాట్లాడినా చాలు, ఆ మాట మీదై ఉండాలి.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. రాత్రిళ్లు తన బాధలన్నీ, చేసిన తప్పులతో సహా, ఏఐ యాప్‌తో చెప్పుకుంటోంది. “అది తిట్టదు మమ్మీ, ఎవరికీ చెప్పదు” అంటోంది. ఏం చేయాలి?
– ఒక తల్లి, హన్మకొండ

జవాబు: అమ్మా, ఫోను మాత్రం లాక్కోకండి. తిట్టకుండా వినే మనిషి దొరకలేదని ఆ బిడ్డ చెబుతోంది. ఆ మాట ఇంటికీ తగలాలి, సంఘానికీ తగలాలి. ఎవరికీ చెప్పదనుకోవడం మాత్రం పొరపాటు. అలా చెప్పుకున్నవి చాలా యాప్‌లలో కంపెనీ కంప్యూటర్లకే చేరతాయి. ఇది అమ్మాయికి నెమ్మదిగా చెప్పండి.

2024 ఏప్రిల్‌లో అమెరికాలోని క్యాథలిక్ ఆన్సర్స్ సంస్థ గురువు వేషంలో ‘ఫాదర్ జస్టిన్’ అనే చాట్‌బాట్‌ను తెచ్చింది. అది పాపసంకీర్తనం విని క్షమాపణ ఇచ్చినట్టు మాట్లాడిందని గొడవ రేగింది. కొద్ది రోజుల్లోనే ఆ గురువు వేషం తీసేశారు. మన దేవుడు దూరం నుంచి కబురు పంపి ఊరుకోలేదు, శరీరధారియై మన మధ్యకు వచ్చాడు. ఆయన బిడ్డలుగా మనం చేయాల్సిందీ అదే. ఈ రాత్రి పనులయ్యాక అమ్మాయి పక్కన కూర్చోండి. సలహా ఇవ్వకండి, వాక్యం కూడా చెప్పకండి, వినండి. చనిపోవాలనిపిస్తోందన్న మాట వస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోను చేయవచ్చు.

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో బీపీఓ ఉద్యోగి. ఏఐ వచ్చిందని మొన్న తీసేశారు. ఇదే మృగపు ముద్ర అని మా సంఘంలో అంటున్నారు. నిజమేనా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: సోదరా, ఒకప్పుడు బార్‌కోడ్‌నూ, ఆ తర్వాత ఆధార్‌నూ ఇలాగే అన్నారు. ప్రకటన గ్రంథం 13వ అధ్యాయంలో అసలు విషయం మనం ఎవరికి మొక్కుతున్నామన్నది. భయపెట్టే ప్రసంగాల వల్ల మీ అబ్బాయికి జీతం తిరిగి రాదు. ఫ్యాక్టరీల కాలంలో కార్మికుల పక్షాన పోపు 13వ లియో 1891లో లేఖ రాశారు. 2025 మేలో ఎన్నికైన పోపు 14వ లియో ఆ పేరు పెట్టుకోవడానికి ఈ లేఖనే ముఖ్య కారణంగా చెప్పారు. ఏఐ కాలంలోనూ మనిషి గౌరవాన్నీ, శ్రమనూ, న్యాయాన్నీ కాపాడాలన్నారు. ఏ సంఘానికైనా ఇది చెల్లుతుంది.

మత్తయి 20వ అధ్యాయంలో, పిలిచేవారు లేక సాయంత్రం దాకా వీధిలో నిలబడ్డ కూలీలకు కూడా యజమాని పూర్తి కూలి ఇచ్చాడు. పని దొరకనివాడి ఇంట్లోనూ పొయ్యి వెలగాలి కదా! ఈ భాగం మీ సంఘ పెద్దలకు చూపించండి. ఉద్యోగం పోయిన కుటుంబాలకు కానుకల్లో కొంత తీసిపెట్టమనండి. పని ఇప్పించగలవారు, కొత్త పని నేర్పగలవారు సంఘంలో ఎవరున్నారో పేర్లు రాయమనండి. ఆ పట్టీతో ఈ వారంలోనే మీ ఇంటికి రమ్మని అడగండి. అలా అడగడం మీ హక్కు, రావడం వాళ్ల బాధ్యత.