టైటిల్‌కు 60 అక్షరాలేనా? ఎస్ఈఓ ఉద్యోగార్థులు తెలుసుకోవాల్సింది

డిజిటల్ మార్కెటింగ్‌లో భాగమైన ఎస్ఈఓ (సెర్చ్ ఇంజిన్ ఆప్టిమైజేషన్) ఇంటర్వ్యూలో ‘వెబ్ పేజీ టైటిల్ ఎంత పొడవుండాలి?’ అని అడిగితే చాలామంది తడుముకోకుండా 60 అక్షరాలంటారు. అక్కడితో ఆగితే విషయం సగమే తెలిసినట్టు. టైటిల్‌కు పొడవు పరిమితి లేదని గూగుల్ తన మార్గదర్శకాల్లోనే చెబుతోంది. సెర్చ్ ఫలితాల్లో చూపేటప్పుడు మాత్రం తెర వెడల్పుకు సరిపడినంత ఉంచి, మిగతాది కత్తిరిస్తుంది. కంప్యూటర్ తెర మీద ఆ చోటు సుమారు 600 పిక్సెళ్లు. ఇంగ్లిష్‌లో 50 నుంచి 60 అక్షరాలు అందులో పడతాయి కాబట్టి ఆ అంకె ప్రచారంలోకి వచ్చింది.

తెలుగులో ఈ లెక్క మొదటి అడుగులోనే తప్పుతుంది. ‘శ్రీకాకుళం’ మన కంటికి నాలుగు అక్షరాలు. యూనికోడ్‌లో ఒత్తులు, గుణింతాలు, సున్నా విడివిడిగా లెక్కకొచ్చి పది అవుతాయి. అందుకే అక్షరాలు లెక్కపెట్టే టూల్ ఎర్రగీత చూపినా టైటిల్ తెరలో పట్టవచ్చు, పచ్చగా చూపినా తెగిపోవచ్చు. తెలుగు పేజీలపై పనిచేసేవారు అంకెను పక్కనపెట్టి, ఫోన్‌లో ఎలా కనిపిస్తుందో చూసుకోవడమే నమ్మదగిన పద్ధతి.

చివర తెగిపోయే అవకాశం ఎప్పుడూ ఉంటుంది కనుక అసలు నైపుణ్యం ఏ మాట ముందుండాలో తేల్చుకోవడంలో ఉంది. పలాస జీడిపప్పు వ్యాపారినే తీసుకోండి. ‘హోమ్, స్వాగతం’ అని మొదలై, సంస్థ పేరు పూర్తిగా వచ్చి, సరుకు పేరు చివరకు చేరితే కొనుగోలుదారుకు కావలసిందే కనిపించదు. ‘పలాస జీడిపప్పు డబ్ల్యూ 320: హోల్‌సేల్ ధర’ అంటే ఊరు, సరుకు, రకం మొదటి చూపులోనే తెలుస్తాయి. పౌండుకు 300 నుంచి 320 పప్పులు తూగే రకం డబ్ల్యూ 320 అని తెలిసిన కుర్రాడు, ఆ వ్యాపారం తెలియని నగర నిపుణుడికంటే మంచి టైటిల్ రాయగలడు. మన శ్రీకాకుళం ప్రాంతపు యువతకున్న బలం ఇదే.

గూగుల్ టైటిళ్లను తానే మారుస్తుంది కదా, ఈ శ్రమ ఎందుకని అడగవచ్చు. 2021 ఆగస్టులో ఆ పద్ధతి మారాక విమర్శలొచ్చాయి. సర్దుబాట్లు చేశాక సెప్టెంబరులో, 87 శాతం సందర్భాల్లో పేజీ టైటిల్‌నే వాడుతున్నామని గూగుల్ ప్రకటించింది. పైగా చాలా పొడవైనవి, ఒకే మాటను పదేపదే కుక్కినవి మార్పుకు ఎక్కువగా గురవుతాయి. పొడవుకు హద్దు లేదు కాబట్టి ఎంతైనా రాయవచ్చన్న వాదనా నిలవదు: కనిపించని మాట చూసి ఎవరూ క్లిక్ చేయరు.

టెక్కలిలో ఇంజినీరింగ్, కాశీబుగ్గలో డిగ్రీ చదివేవారు సర్టిఫికెట్‌తో పాటు పనికి రుజువునూ సిద్ధం చేసుకోవాలి. పలాస జీడిపప్పు, టెక్కలి గ్రానైట్, ఉద్దానం కొబ్బరి అమ్మే పేజీలు కొన్ని ఎంచుకోండి. పాత టైటిల్, మీరు రాసిన టైటిల్, మార్పుకు కారణం ఒక కాగితంపై పక్కపక్కన రాయండి. యజమాని ఒప్పుకుంటే గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో మార్పుకు ముందు, తర్వాత క్లిక్కులను పోల్చి చూపండి. ఇంటర్వ్యూలో 60 అనే జవాబు అందరూ చెబుతారు. ఆ కాగితం మీ దగ్గరే ఉంటుంది.