ఒక్క రూట్ రిఫ్లెక్టర్‌ను నమ్ముకోవద్దు

ప్రశ్న: కర్నూలు, నంద్యాల, ఆదోని, కడప, ప్రొద్దుటూరుల్లో కలిపి మాకు 12 రౌటర్లున్నాయి. కర్నూలులో రూట్ రిఫ్లెక్టర్ పెట్టాం. మొన్న అక్కడ కరెంటు పోతే కడపలోనూ నెట్ ఆగింది. తీసేయమంటారా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: తీసేయకండి. అది లేకపోతే 12 రౌటర్ల మధ్య 66 ఐబీజీపీ సెషన్లు నడపాలి. పొరపాటల్లా ఒక్కటే పెట్టడం. రిఫ్లెక్టర్ పని దారులు చెప్పడం. అది పడిపోగానే కడప రౌటర్లు దాని దగ్గర నేర్చుకున్న దారులన్నీ చెరిపేసుకున్నాయి.

రెండోది కడపలో పెట్టండి. ప్రతి రౌటర్ నుంచీ రెండింటికీ లూప్‌బ్యాక్ అడ్రస్‌లతో సెషన్లు కట్టండి. ఫైబర్ సంగతి మాత్రం మరీ ముఖ్యం. కర్నూలు, కడపల మధ్య రెండు లింకులూ నంద్యాల, ఆళ్లగడ్డ హైవే పక్కనే ఉంటే ఒక్క జేసీబీ చాలు, రెండూ తెగుతాయి. ఒకటి డోన్, గుత్తి, తాడిపత్రి మీదుగా తెచ్చుకోండి.

రెండింటికీ వేర్వేరు క్లస్టర్ ఐడీలివ్వండి. మెమరీ కాస్త ఎక్కువ పడుతుంది, కానీ ఒక సెషన్ తెగినా దారులు పోవు. నెక్స్ట్-హాప్-సెల్ఫ్‌ను బయటి నెట్‌వర్క్‌కు కలిసే రౌటర్లలోనే పెట్టండి. రిఫ్లెక్టర్‌లో పెడితే ట్రాఫిక్ అంతా దాని మీదికే మళ్లే ప్రమాదముంది.

మార్పులు రాత్రిపూట, ఒక్కో రౌటర్‌కే చేయండి. కొత్త సెషన్‌లో దారుల సంఖ్య సరిచూశాకే తర్వాతి రౌటర్‌కు వెళ్లండి.

ట్రేస్‌రూట్‌లో రెండు రౌటర్ల పేర్లే మళ్లీమళ్లీ వస్తున్నా, దారులు నిలకడగా ఉండకపోయినా ఇంకేమీ మార్చకండి. కాన్ఫిగరేషన్ కాపీలతో అనుభవమున్న బీజీపీ ఇంజనీర్‌ను వెంటనే పిలిపించండి.