ఉద్యోగాన్వేషణలో విశ్వాసి

మెట్టుగూడ, తార్నాక వీధుల్లో, ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో ఫైలు చేతబట్టుకుని ఉద్యోగం కోసం తిరిగే యువకులు ఎందరో. వారిలో మన బిడ్డలూ ఉన్నారు. వారికి నమాజు, రోజా నేర్పిన మనం, ఉపాధి వెతుక్కునేటప్పుడు ఎలా మెలగాలో కూడా నేర్పాలి.

మన అర్హతలు మనమే చెప్పుకోవడం గర్వమేమోనని కొందరి సందేహం. దీనికి హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) ఉదంతమే సమాధానం. ధాన్యాగారాల బాధ్యత తనకు అప్పగించమని ఆయన రాజును స్వయంగా కోరారు. తాను కాపాడగలవాణ్ణనీ, విషయం తెలిసినవాణ్ణనీ చెప్పుకున్నారు (ఖుర్ఆన్ 12:55). చెప్పినవి రెండే గుణాలు. రెండూ నిజం, రెండూ ఆ పనికి అవసరం. మన బయోడేటా కూడా అలాగే ఉండాలి. ఒకటి రెండు పేజీలు చాలు. చదువు, నేర్చిన పని, చేసిన పని సంవత్సరాలతో సహా రాయాలి. ఆ ఉద్యోగానికి కావలసినవి ముందు రాయాలి. తప్పులు లేకుండా మరొకరిచేత చదివించాలి.

షైతాన్ ప్రలోభపెట్టేది ఇక్కడే. చేయని ఉద్యోగానికి అనుభవ పత్రం కొనుక్కోమని, అందరూ చేస్తున్నదేనని స్నేహితులు చెబుతారు. అబద్ధం పాపానికీ, పాపం నరకానికీ దారితీస్తుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు (బుఖారీ, ముస్లిం). ఆ పత్రంతో వచ్చిన జీతమే రేపు మన ఇంట్లో అన్నమవుతుంది. దాన్ని తినేది మన భార్యాబిడ్డలే! ఖాళీగా గడిచిన కాలాన్ని దాచనక్కరలేదు. తండ్రి దుకాణంలో లెక్కలు చూసినా, పిల్లలకు ట్యూషన్ చెప్పినా అదీ పనే. అదే రాయవచ్చు.

రైల్వే వంటి కేంద్ర ప్రభుత్వ శాఖల్లో గ్రూప్ 'సి' ఉద్యోగాలకు 2016 జనవరి 1 నుండి ఇంటర్వ్యూలు రద్దయ్యాయి. కనుక ఆ ఉద్యోగాలకు "ఇంటర్వ్యూలో చూసుకుంటాను" అంటూ డబ్బు అడిగే దళారిని నమ్మవద్దు. లంచం ఇచ్చేవాణ్ణీ, తీసుకునేవాణ్ణీ దైవప్రవక్త (స) శపించారు (తిర్మిజీ).

ఇంటర్వ్యూ అంటే భయమా? ఫిరౌన్ వద్దకు వెళ్ళమన్న ఆజ్ఞ అందుకున్న హజ్రత్ మూసా (అలైహిస్సలాం) తన హృదయాన్ని విశాలపరచమనీ, నాలుక ముడి విప్పమనీ అల్లాహ్‌ను వేడుకున్నారు (20:25-28). ఆ దుఆ మనమూ చేద్దాం. దానితోపాటు ఆ సంస్థ ఏమి చేస్తుందో ముందే తెలుసుకుందాం. ఒరిజినల్ సర్టిఫికెట్లు, జిరాక్సులు ముందురోజే సర్దుకుందాం. మన గురించి రెండు నిమిషాలు చెప్పడం ఇంట్లోనే అభ్యసిద్దాం. తెలియని ప్రశ్నకు తెలియదని వినయంగా చెబుదాం.

ముందు ఒంటెను కట్టు, ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయి అన్నది ప్రవక్త (స) బోధన (తిర్మిజీ). ప్రయత్నం మనది, ఫలితం ఆయనది. అల్లాహ్ మన బిడ్డలకు హలాల్ ఉపాధిని ప్రసాదించుగాక! ఆమీన్.