గ్రహములు దీర్ఘవృత్తమున నేల తిరుగును?

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములందలి మెట్టరైతులకు కార్తెలు సుపరిచితములు. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రభాగమును దాటు కాలమే కార్తె. ఈ భాగములు ఇరువదియేడును సమానములు. అయినను ఆర్ద్రకార్తెకు సుమారు 14 దినములు పట్టగా, పూర్వాషాఢకార్తె 13 దినములకే ముగియుచున్నది. మిథునమాసము 31 దినములు దాటును. ధనుర్మాసము 30 దినములైనను నిండదు. సమానమైన దారిని నడచుటకు కాలమేల భేదింపవలెను?

సూర్యుడు నక్షత్రములలో నడచుచున్నట్లు తోచుట భూగమనముచేతనే. కావున సమాధానమును భూకక్ష్యయందే వెదకవలెను. వృత్తము పరిపూర్ణాకృతి గనుక గ్రహములు దానిని విడిచి చరింపవని పూర్వపు యవనపండితులు తలచిరి. మన సిద్ధాంతకర్తలు వేగభేదమును గుర్తించి మందఫలమను సంస్కారమును జేర్చిరి గాని, వారును వృత్తములనే కూర్చి గణించిరి.

జర్మనీ దేశస్థుడగు కెప్లరు, టైకో బ్రాహి వేధచేసి వ్రాసియుంచిన కుజుని స్థానములను వృత్తకల్పనతో సరిచూడగా 8 కళల భేదము కనబడెను. భాగలో అరువదవ వంతు కళ. కావున ఆ భేదము చంద్రబింబ వ్యాసములో నాలుగవ వంతు మాత్రమే. అయినను ఆయన దాని నుపేక్షింపక, చిరకాలముగా నాదరింపబడిన వృత్తమునే త్యజించి, కుజుని కక్ష్య దీర్ఘవృత్తమనియు, సూర్యుడు దాని నడుమగాక ఒక నాభియందుండుననియు 1609లో ప్రకటించెను.

కారణమును న్యూటను 1687లో నిరూపించెను. దూరము రెండింతలైన సూర్యుని యాకర్షణ నాలుగవ వంతగును. గ్రహము వృత్తమున దిరుగవలెనన్న, ఆ దూరమునకు దగిన ఒకేయొక వేగముతో, సూర్యుని దిక్కునకు లంబముగా బోవలెను. వేగము కొంచెము హెచ్చైన, అది వెలుపలికి జరుగును. జరుగుకొలది ఆకర్షణ వెనుకకు లాగుటచే వేగము తగ్గును. తుదకు మరలి, సూర్యునివంకకు వచ్చుచు వేగము పుంజుకొని, సమీపమున నిలువలేక మరల దూరమగును. ఆకర్షణ పైనియమము ననుసరించుటచేత ఈ దారి తన మొదటిని కలిసికొని దీర్ఘవృత్తమగుచున్నది. వృత్తము దానిలో నొక విశేషరూపము మాత్రమే.

భూమి జనవరి మొదట సూర్యునికి సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరమునను, జూలై మొదట 15.2 కోట్ల కిలోమీటర్ల దూరమునను ఉండును. దూరమున మెల్లగా నడచుటచే ఆర్ద్ర దీర్ఘము. సమీపమున వడిగా నడచుటచే పూర్వాషాఢ హ్రస్వము. రోహిణికార్తెలో ఈ ప్రాంతములు మండిపోవుట సూర్యసామీప్యముచే గాదు. అప్పుడు భూమి సూర్యునికి దూరమగుచునే యుండును. ఋతుభేదమునకు కారణము భూమి యక్షపు వాలు.

చదువరులు పంచాంగమునందలి కార్తెల తేదీలను లెక్కించి యిది స్వయముగా పరీక్షించుకొనవచ్చును. స్వవేగమునకును సూర్యాకర్షణకును లోబడి నడచు గ్రహములకు కోపానుగ్రహముల నంటగట్టి భయపడుట వివేకులకు దగదు. ఆకాశము మనము మెచ్చిన యాకృతిని ధరింపదు. దానికిగల యాకృతిని మనమే కనుగొని యంగీకరింపవలెను.