టీవీలో వాళ్ళకు కుర్చీ వేయాలా?

మొన్న ఒక రాత్రి మా ఇంట్లో తమిళ వార్తా ఛానల్లో చర్చ నడుస్తోంది. కూర్చున్న నలుగురిలో ఒకాయన, ఏదో చిన్న పార్టీ మనిషి, ఇక్కడ తరాలుగా ఉంటున్న తెలుగువాళ్ళను ‘వందేరి’ అన్నాడు. వచ్చి చేరినవాళ్ళు అని అర్థం, మర్యాదగా అనే మాట కాదు. తమలపాకు మడుస్తున్న మా అవ్వ చెయ్యి ఆగిపోయింది. “వాడు అనేది మనల్నేనా?” అని అడిగింది. అవ్వ పుట్టిందీ పెళ్ళయిందీ అంతా కోయంబత్తూరు జిల్లాలోనే. అమ్మది తమిళం మాట్లాడే పుట్టిల్లు. ఆమె సిగ్గుపడినట్టుగా గబుక్కున ఛానల్ మార్చేసింది. నాయన మాత్రం, “ఉండనీవే, వాడేమంటాడో మనకు తెలియొద్దా?” అన్నాడు.

ఆ వారమే అలైడ్ పేపర్ కోసం నేను చదువుతున్న పాఠం ఇదే గొడవ గురించి. తీవ్ర కుడిపక్ష పార్టీలకు టీవీ, రేడియో వేదిక ఇవ్వాలా వద్దా అని ఐరోపాలో నలభై ఏళ్ళుగా వాదించుకుంటున్నారు. అమ్మ చేసిందీ నాయన అన్నదీ ఆ రెండు పక్షాలే.

ముందు ఒక మాట. మన పత్రికల్లో ‘రైట్’ను మితవాదం అని రాస్తారు. అప్పుడు ‘ఫార్ రైట్’ తీవ్ర మితవాదం అవుతుంది! తీవ్రమైన మితం ఏమిటో నాకు అర్థం కాలేదు. తమిళంలో ‘వలదుసారి’ అంటారు, కుడివైపు వాళ్ళని. అందుకే ఇక్కడ కుడిపక్షం అనే రాస్తున్నాను. తెలుగు మేడమ్ ఒప్పుకుంటారనుకుంటున్నాను.

అందరూ చెప్పే ఉదాహరణ బ్రిటన్‌ది. 2009 జూన్‌లో యూరోపియన్ పార్లమెంటుకు జరిగిన ఎన్నికల్లో బ్రిటిష్ నేషనల్ పార్టీకి తొమ్మిది లక్షలకు పైగా ఓట్లు, 2 సీట్లు వచ్చాయి. తెల్లవాళ్ళ దేశం తెల్లవాళ్ళకే అనే పార్టీ అది. అప్పటికి దాంట్లో తెల్లవాళ్ళు కానివాళ్ళకు సభ్యత్వమే లేదు. సీట్లు గెలిచారు కాబట్టి నిష్పక్షపాతంగా ఉండాల్సిన మేము పిలవక తప్పదని బీబీసీ దాని నాయకుడు నిక్ గ్రిఫిన్‌ను ‘క్వశ్చన్ టైమ్’కు పిలిచింది. మంత్రి పీటర్ హెయిన్ ఇది తప్పని బీబీసీ ట్రస్ట్ దాకా వెళ్ళాడు, ట్రస్ట్ ఆపలేదు. డైరెక్టర్ జనరల్ మార్క్ థాంప్సన్ వాదన ఏమిటంటే, ఒక పార్టీని నిషేధించాలంటే అది ప్రభుత్వమో పార్లమెంటో చేయాలి, ఆ పని బీబీసీ నెత్తిన పెట్టకూడదు.

ప్రభుత్వం చేస్తే ఎలా ఉంటుందో కూడా వాళ్ళు అంతకుముందే చూశారు. 1988లో థాచర్ ప్రభుత్వం ఉత్తర ఐర్లాండ్‌లో సిన్ ఫెయిన్‌తో పాటు మరికొన్ని సంస్థల వాళ్ళ గొంతు ప్రసారం కాకూడదంది. సిన్ ఫెయిన్ కుడిపక్షం కాదు, కానీ నిషేధం ఎలా పనిచేస్తుందో దీన్లో తెలుస్తుంది. ఛానళ్ళు ఏం చేశాయంటే, జెర్రీ ఆడమ్స్ బొమ్మ చూపించి, ఆయన మాటలు నటులతో చెప్పించాయి. మన డబ్బింగ్ సినిమాలాగే! 1994లో దాన్ని ఎత్తేసే దాకా ఆ మాటలన్నీ జనం వింటూనే ఉన్నారు.

సరే, 2009 అక్టోబర్ 22 రాత్రి. స్టూడియో బయట వందలమంది నిరసన, కొందరు గేటు దాటి లోపలికి కూడా వెళ్ళారు. లోపల గ్రిఫిన్ పక్కనే నల్లజాతి రచయిత్రి బానీ గ్రీర్. యూదుల ఊచకోత గురించి ఇదివరకు అన్న మాటలను ఇప్పుడెందుకు మార్చుకున్నావంటే, ఐరోపా చట్టం వల్ల చెప్పలేనన్నాడు. ఎదురుగా కూర్చున్న జాక్ స్ట్రా న్యాయశాఖ మంత్రి. అలాంటి చట్టం ఏదీ అడ్డురాదు, చెప్పు అన్నాడు. గ్రిఫిన్ నవ్వి ఊరుకున్నాడు. కు క్లక్స్ క్లాన్‌లో తాను కలిసిన మనిషి దాదాపు అహింసావాది అన్నాడు. జనం నవ్వారు. పదిహేడు వేల ఏళ్ళుగా ఈ దీవుల్లో ఉన్న మూలవాసులం మేమే అని కూడా అన్నాడు. ఇది చదివినప్పుడు మా అవ్వ తమలపాకు గుర్తొచ్చింది.

మామూలుగా ఇరవై ముప్పై లక్షలమంది చూసే ఆ కార్యక్రమాన్ని ఆ రాత్రి దాదాపు ఎనభై లక్షలమంది చూశారు. తరువాతి ఏడాది పార్లమెంటు ఎన్నికల్లో ఆ పార్టీకి ఒక్క సీటూ రాలేదు. లండన్‌లోని బార్కింగ్‌లో గ్రిఫిన్ మూడో స్థానానికి పోయాడు, అక్కడి 12 కౌన్సిలర్ స్థానాలూ పోయాయి. చూశారా, వెలుతురులో పెడితే చచ్చిపోయింది అంటారు నాయన పక్షం వాళ్ళు. నాకైతే అంత సులభంగా ఒప్పుకోబుద్ధి కాదు. ఎక్కువ చోట్ల పోటీ చేయడం వల్ల ఆ ఎన్నికల్లో వాళ్ళ మొత్తం ఓట్లు అంతకుముందుకంటే పెరిగాయి కూడా. వలసలు తగ్గించాలని మరింత మర్యాదగా మాట్లాడే యుకిప్ 2014 యూరోపియన్ ఎన్నికల్లో మొదటి స్థానానికి వచ్చింది. మనిషి పోయాడు, ఆ కోపం పోలేదు.

ఫ్రాన్స్‌లో ఇంకోలా జరిగింది. 1981లో అధ్యక్ష పదవికి పోటీ చేయడానికి కావలసిన 500 సంతకాలే దొరకని జాన్ మరీ ల పెన్, 1984 ఫిబ్రవరిలో ఒక పెద్ద టీవీ ఇంటర్వ్యూకు వచ్చాడు. జూన్‌కల్లా అతని పార్టీకి దాదాపు 11 శాతం ఓట్లు, 10 సీట్లు. అయితే టీవీకి ముందే, 1983లో, ద్రూ అనే ఊరి ఎన్నికల్లో ఆ పార్టీ పేరు మోగింది. అంతా టీవీ పుణ్యమే అనలేం.

రెండు భాషల ఇంట్లో పెరిగినదాన్ని కాబట్టి నాకు బాగా నచ్చిన ఉదాహరణ బెల్జియం. ఒకే దేశం, రెండు పెద్ద భాషలు, రెండు పద్ధతులు. ఫ్రెంచి మాట్లాడేవాళ్ళ ప్రభుత్వ టీవీ తీవ్ర కుడిపక్షం వాళ్ళను ప్రత్యక్ష ప్రసారంలో కూర్చోబెట్టదు. వార్త మాత్రం దాచదు: వాళ్ళేమన్నారో చెబుతుంది, అది నిజమా కాదా కూడా పక్కనే చెబుతుంది. 2025 జనవరిలో ట్రంప్ ప్రమాణ స్వీకార ప్రసంగాన్ని కూడా నేరుగా కాకుండా కాస్త ఆలస్యంగా వేసింది. డచ్ మాట్లాడే ఫ్లాండర్స్ టీవీ పిలుస్తుంది. 2024 ఎన్నికల్లో ఫ్లాండర్స్ నుంచి ఆ పార్టీకి దేశ పార్లమెంటులో 20 సీట్లు వచ్చాయి, ఫ్రెంచి వైపు ఒక్కటీ రాలేదు. ఇదే రుజువు అనేద్దామనుకున్నాను. కానీ ఫ్రెంచి వైపు జనం పొరుగుదేశపు ఛానళ్ళలో ల పెన్ కూతురిని రోజూ చూడొచ్చు. అక్కడ కార్మిక సంఘాలు బలమైనవి, ప్రాంతీయ అభిమానం తక్కువ. టీవీ ఒక్కటే కారణం కాదు.

ఇంత చదివాక నాకు తోచింది ఇది. ఓట్లు వచ్చినవాణ్ణి పిలవకపోతే, నా నోరు నొక్కారని ఊరంతా చెప్పుకుంటాడు. కాబట్టి పిలవొచ్చు. కానీ ఏం అడుగుతారన్నది అసలు సంగతి. గ్రిఫిన్ వచ్చిన రోజే బ్రిటన్‌లో పోస్టల్ ఉద్యోగుల సమ్మె మొదలైంది. చర్చ ఎక్కువ భాగం మాత్రం అతని చుట్టూనే తిరిగింది. చివరకు ఈ కార్యక్రమం ఆ పార్టీకి కానుక అవుతుందా అని కూడా అడిగారు. ఉత్తరాలు ఆగిపోతే, వాన్లు కదలకపోతే నీ దగ్గర ఏం ఉపాయం ఉందని అడిగి చూడాల్సింది. బానీ గ్రీర్ ఆ దేశపు మనిషేనా కాదా అన్నట్టు మాట తిరిగితే, ఆమె ఓడినా గెలిచినా అదొక చర్చాంశం అయిపోతుంది. ఒకవైపు ఇది, ఒకవైపు అది అని యాంకర్ చేతులు చాచి చూపించినప్పుడు, ఆ రెండు చేతుల మధ్య మా అవ్వ ఉంది.

మా ఇంట్లో చర్చ జరిగిన రాత్రి ఆ యాంకర్, “వందేరి అంటే ఎవరు, ఎన్నేళ్ళుంటే కాదు?” అని ఆయన్నే మళ్ళీ అడిగి, పది నిమిషాలు దాని మీదే నడిపాడు. మా వీధికి కార్పొరేషన్ నీళ్ళు వచ్చి అప్పటికి తొమ్మిది రోజులు. అది అడిగి ఉంటే నాయనతో పాటు నేనూ కూర్చుని వినేదాన్ని.

నాతో ఒప్పుకోనివాళ్ళు వచ్చే సంచికకు రాయండి. ముఖ్యంగా, అమ్మలాగా ఛానల్ మార్చేయడమే సరి అనుకునేవాళ్ళు.